లెక్సస్ ఎల్ఎఫ్ఏ ఫ్లాప్ కారేనా? సెమినార్ కోసం అడుగుతున్నాను

పర్లాకిమిడి_పిస్టన్
మెకానికల్ ఫైనల్ ఇయర్. సెమినార్‌కి టయోటా వాళ్ళ లెక్సస్ ఎల్ఎఫ్ఏ స్పోర్ట్స్ కారు తీసుకుంటానంటే మా గైడ్ గారు ఒక్క మాటతో కొట్టిపారేశారు. "2000లో మొదలుపెట్టి తుది రూపం చూపించడానికే 2009 దాకా పట్టింది. చేసినవి 500 బళ్ళు. ఒక్కోటి 3,75,000 డాలర్లకి అమ్మినా కంపెనీకి మిగిలిందేం లేదు. ఫ్లాప్ కారులో నేర్చుకోడానికేముంది, ఎలక్ట్రిక్ బండి ఏదైనా తీసుకో" అన్నారు.

4.8 లీటర్ల వీ10 ఇంజను, 8700 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర 560 పీఎస్ పవర్, 1480 కిలోలు, గంటకి 325 కిలోమీటర్లు. ఈ అంకెలు ఫోన్ తీస్తే ఎవరికైనా దొరుకుతాయి. వాటి వెనక ఏముందో చెప్పగలిగితేనే ఆయన ఒప్పుకుంటారు. నాకు ఈ కారంటే ప్రాణం. వదులుకోబుద్ధి కావట్లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి.

టాటాబెంజ్_జంక్షన్
మీ సారు చెప్పినదాంట్లో తప్పేటుంది బావూ? అదే 2009లో ఫెరారీ 458 ఇటాలియా వొచ్చింది. 4.5 లీటర్ల వీ8, 570 పీఎస్, అదీ 9000 తిరుగుతాది. గేర్‌బాక్సు డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లు. ధర చూస్తే లెక్సస్ కంటే ఎంతో తక్కువ. లెక్సస్ వాళ్ళేమో ఒంటి క్లచ్ పెట్టీసి, 0.2 సెకన్లకి గేరు పడతాది అని చెప్పుకున్నారు. బరంపురంలో నా షెడ్డుకొచ్చే కుర్రాళ్ళందరూ దాని సౌండు వీడియోలే చూపిస్తారు. సౌండుకి అంత డబ్బా?

రాయగడ_రైలు
రెండో పోస్టుకే ఫెరారీ వొచ్చీసింది. ఈసారి కొంచెం లేటయింది.

తప్తపాణి_ఘాట్
సౌండు అని తేలిగ్గా తీసెయ్యకు అన్నా. పది సిలిండర్లు. నాలుగు స్ట్రోకుల ఇంజను కాబట్టి ఒక్కో చుట్టుకి అయిదు పేలుళ్ళు. 9000 ఆర్‌పీఎం అంటే సెకనుకి 150 చుట్లు. అంటే సెకనుకి 750 పేలుళ్ళు. వీ8 అయితే అదే వేగంలో 600. మన చెవికి ఆ తేడా శ్రుతిలోనే తెలిసిపోతుంది.

ఇంకోటి, సిలిండర్ల రెండు వరసల మధ్య ఆ వీ కోణం 72 డిగ్రీలు. క్రాంకు రెండు చుట్లు, 720 డిగ్రీలు, దాన్ని పదితో భాగిస్తే 72. అందుకే పేలుళ్ళ మధ్య ఎడం ఎక్కడా మారదు. డాడ్జ్ వైపర్‌ది కూడా వీ10, కానీ దాని కోణం 90. పేలుళ్ళు ఎగుడుదిగుడుగా పడతాయి, అందుకే అది గుర్రుమంటుంది, ఇది పాడుతుంది.

సిరొంచ_సిన్నోడు
ఒడిశా అన్నలు, గడ్చిరోలి నుంచి ఒక మాట. ఆ ఇంజన్ యమహాతోని కలిసి చేసిన్రు. మా దిక్కు యమహా అంటే ఇప్పటికీ ఆర్ఎక్స్ 100 ఒక్కటే గుర్తొస్తది. గోదావరి వంతెన మీద మా మామ బండి పోతాంటే అవతలి ఒడ్డుకు ఇనబడేది.

తప్తపాణి_ఘాట్
ఆర్ఎక్స్ 100 పేరెత్తావా, ఇక రాత్రంతా ఇదే.

వేదిక_నిర్వాహకుడు
ఆర్ఎక్స్ 100 కి వేరే చర్చ నడుస్తోంది, దయచేసి అక్కడ రాయండి. ఈ కుర్రాడికి సెమినార్ ఉంది.

సునాబెడ_రిటైర్డ్
పిస్టన్ బాబూ, నేను సునాబెడలో విమానాల ఇంజన్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యాను. మిగ్‌ల ఇంజన్లు, తరవాత సుఖోయ్ ఇంజన్లు మా చేతుల మీదుగా వెళ్ళాయి. కార్ల గురించి నాకు తెలిసింది తక్కువ. టైటానియం గురించి మాత్రం చెప్పగలను, నువ్వు అడగవలసిన ప్రశ్న కూడా అక్కడే ఉంది.

ఆ ఇంజన్లో పిస్టన్ నడక 79 మిల్లీమీటర్లు, సిలిండర్ వ్యాసం 88. లెక్క కట్టి చూడు, 9000 ఆర్‌పీఎం దగ్గర పిస్టన్ సగటు వేగం సెకనుకి 23.7 మీటర్లు. సగటు వేగం చూసి ఊరుకోకు. పిస్టన్ పైకొచ్చి ఆగి మళ్ళీ కిందికి తిరిగే క్షణంలో దాని మీద పడే త్వరణం భూమ్యాకర్షణకి నాలుగు వేల రెట్లకి పైమాటే. ఆ లాగుడంతా కనెక్టింగ్ రాడ్డే భరించాలి. రాడ్డు బరువుగా ఉంటే తన బరువే తనకి శత్రువు అవుతుంది. ఉక్కు సాంద్రత 7.8, టైటానియం మిశ్రమానిది 4.4. అందుకని వాళ్ళు రాడ్లూ వాల్వులూ టైటానియంతో చేశారు.

చెప్పడం తేలిక. టైటానియం వేడిని తొందరగా బయటికి పోనివ్వదు. లేత్ మీద పెడితే వేడంతా పనిముట్టు అంచులోనే నిలిచిపోతుంది. పనిముట్టుకి అతుక్కుంటుంది. వేగం తగ్గించాలి, కూలెంటు ధారగా పొయ్యాలి, రజను పోగుపడనిస్తే అంటుకుని మండుతుంది కూడా. ఇంకో లోహంతో రాసుకుంటే పట్టేస్తుంది, కాబట్టి రాపిడి ఉన్నచోట పూత వెయ్యాలి. మా దగ్గర ఒక్కో పార్టుకి ఒక్కో కాగితం ఉండేది, ఏ రోజు ఎవరు చేశారో అందులో రాసి సంతకం పెట్టాలి. ఆ కారు ఇంజన్ కూడా ఒక్కోటీ ఒక మనిషి చేత్తో కూర్చి, పేరు రాసి పంపాడు. దాన్ని చూస్తే నాకు మా షాపు గుర్తొస్తుంది. నష్టం వచ్చిందో లాభం వచ్చిందో ఖాతాలు రాసేవాళ్ళు చూసుకుంటారు. రోడ్డు కారుకి ఆ స్థాయి పని చేసి చూపించడమంటే నాకు గౌరవం.

పర్లాకిమిడి_పిస్టన్
మాస్టారూ, ఈ ఒక్క పోస్టు చాలు సగం సెమినార్‌కి. త్వరణం లెక్క నేనూ వేశాను, రాడ్ పొడవు ఎంత అనుకున్నా నాలుగు వేలకి పైనే వస్తోంది. నోట్సులో రాసుకున్నాను.

గునుపురం_గేర్‌బాక్స్
సునాబెడ గారు చెప్పినదానికి కొనసాగింపు. తేలిక రాడ్లు, చిన్న ఫ్లైవీలు, పది సిలిండర్లకి గాలి వదిలే త్రాటిళ్ళు పది వేరువేరుగా. వాటివల్లే ఐడిల్ నుంచి 9000కి 0.6 సెకన్లలో ఎక్కుతుంది. ముల్లున్న మీటరు ఆ వేగాన్ని అందుకోలేదని స్క్రీన్ మీద బొమ్మలా మీటరు పెట్టారు. అయితే ఆ చివరి మాట నేను నమ్మను. ముల్లుకి 0.6 సెకన్లలో తిరగడం అంత కష్టమేం కాదు. అది అమ్మకం కోసం చెప్పిన మాట.

సునాబెడ_రిటైర్డ్
తిరగడం కష్టం కాదు, సరైన అంకె దగ్గర ఆగడమే కష్టం. ముల్లుకీ బరువుంటుంది, దాటిపోయి వెనక్కొస్తుంది. ఈ ఇంజను 9500 దగ్గర కట్ అవుతుంది. నడిపేవాడికి 9000 అని చూపించే లోపు ఇంజను ఇంకెక్కడో ఉంటే ఆ మీటరు ఎందుకు?

గునుపురం_గేర్‌బాక్స్
నాకైతే ఇంకా నమ్మకం కుదరలేదు. మీటరు సంగతి పక్కన పెడదాం. టాటాబెంజ్ అన్న అడిగిన గేర్‌బాక్స్ దగ్గరికి వస్తాను. ఒంటి క్లచ్ మాట నిజమే. కానీ దాన్ని ఎక్కడ పెట్టారో చూడండి. ఇంజను ముందు ఇరుసు వెనక్కి జరిపి, గేర్‌బాక్స్‌ని వెనక చక్రాల దగ్గర పెట్టారు. రెండిటినీ కలుపుతూ ఒక గట్టి గొట్టం. రేడియేటర్లు కూడా వెనక్కే పోయాయి, ఆ పెద్ద జాలీలు వాటికోసమే. ఆయిలు కోసం కింద తొట్టి లేదు, డ్రై సంప్, కాబట్టి ఇంజను ఇంకా కిందికి దిగింది. ఇంత చేస్తే బరువు ముందు 48, వెనక 52 శాతం. ముందు ఇంజను పెట్టి కూడా! కారంతా చూడకుండా గేర్‌బాక్స్ ఒక్కదాన్నే పట్టుకుంటే ఎలా?

టాటాబెంజ్_జంక్షన్
కారంతా చూసే చెప్తన్నాను. అమరిక బాగుంది, కాదన్లేదు. ఊళ్ళో మెల్లగా పోతన్నప్పుడు ఒంటి క్లచ్ తల ఊపుతాది, ఆ ఊపు డ్యూయల్ క్లచ్‌కి ఉండదు. నిస్సాన్ జీటీ-ఆర్ అప్పటికే డ్యూయల్ క్లచ్ తోటి అమ్ముతున్నారు. అదీ జపాన్ కారే, ధర ఎంత తక్కువో చూడు. ఇన్నేళ్ళు కూర్చుని చేసినోళ్ళు క్లచ్ దగ్గర ఎందుకు ఆగిపోయారు?

దామన్‌జోడి_బాక్సైటు
నాకున్న కోపం గేర్‌బాక్స్ మీద కాదు. ముందు ఆ కారు బాడీ అల్యూమినియంతోనే చేస్తున్నారు. మధ్యలో మనసు మార్చుకుని కార్బన్ ఫైబర్ అన్నారు. చేసిందంతా పక్కన పెట్టి మళ్ళీ మొదలు. ఆలస్యానికి పెద్ద కారణం అదే. తగ్గిందెంత? సుమారు 100 కిలోలు.

పంచపట్మాలి కొండ మీద బాక్సైటు తవ్వడం, దామన్‌జోడిలో అల్యూమినా చెయ్యడం, అంగుల్‌లో లోహం కరిగించడం చిన్నప్పట్నుంచి చూస్తున్నవాణ్ణి. అల్యూమినియం తక్కువదేం కాదు. హోండా ఎన్ఎస్ఎక్స్ 1990లోనే మొత్తం బాడీ అల్యూమినియంతో చేసింది. సొట్ట పడితే సరిచెయ్యొచ్చు, పాతదైతే కరిగించొచ్చు, కొత్తగా తీసేదానికి అయ్యే కరెంటులో ఇరవయ్యో వంతుతో అయిపోతుంది. కార్బన్ బాడీ పాడైతే ఏం చేస్తారు?

రాయగడ_రైలు
ఆ కారు బాడీలో 65 శాతం కార్బన్, 35 శాతం అల్యూమినియమేనట. మీ కొండకి వాటా ఉంది, కోపం తగ్గించుకోండి.

దామన్‌జోడి_బాక్సైటు
35తో సరిపెట్టుకోమంటావా!

సిరొంచ_సిన్నోడు
దామన్‌జోడి అన్న అడిగింది మంచిగుంది. కార్బన్‌కు దెబ్బ తాకితే పైకి కనబడదంటరు, నిజమేనా?

సునాబెడ_రిటైర్డ్
నిజమే. లోహమైతే వంగి చెప్తుంది. కార్బన్ పొరలు లోపల విడిపోయినా పైన నున్నగానే ఉండొచ్చు. నాణెంతో తట్టి చూస్తారు, బాగున్నచోట గట్టిగా మోగుతుంది, విడిపోయినచోట బోలుగా వినిపిస్తుంది. సరిగ్గా తేల్చాలంటే అల్ట్రాసౌండ్. పాడైన పొరలు ఏటవాలుగా గీకేసి, కొత్త పొరలు అదే దిశలో పరిచి, వేడిలో గట్టిపరుస్తారు. వీధి చివర షెడ్డులో అయ్యే పని కాదు, ఆ మాట దామన్‌జోడి గారు చెప్పినట్టే.

పట్టుమగ్గం_బరంపురం
ఇన్నాళ్ళూ ఈ వేదికలో చదివి ఊరుకునేదాన్ని. మాది బరంపురం పట్టు నేసే ఇల్లు. కార్ల గురించి మా తమ్ముడు మాట్లాడుతుంటే వినడమే. ఈ కారుకి మగ్గం వాడారని వాడు వీడియో చూపించిన రోజు నుంచి నాకూ దీని మీద మనసు పడింది. కాబట్టి ఇది కొంచెం పెద్దగా రాస్తాను.

టయోటా వాళ్ళు మొదట కార్లవాళ్ళు కారు, మగ్గాలవాళ్ళు. వాళ్ళ మూలపురుషుడు సకీచి తొయోదా 1924లో చేసిన జి రకం మగ్గం, పోగు తెగితే తనంతట తనే ఆగిపోయేది, మరమగ్గం ఆపకుండానే పేక పోగుని మోసే నాడె మార్చుకునేది. మా ఇంట్లో పేక తెగినా పడుగు తెగినా చూసుకోవలసింది మా కళ్ళే. నేసేవాళ్ళకి ఆ ఆగడం ఎంత ముఖ్యమో చెప్తాను. తెగిన పోగు చూడకుండా నాలుగు వేళ్ళ మేర నేస్తే, అక్కడి నుంచి మళ్ళీ విప్పుకు రావాలి. మా బరంపురం చీరల పోడా కుంభ అంచులో అయితే ఒక్క పోగు తప్పినా కుంభం వంకర. 1929లో ఆ మగ్గం హక్కులు ఇంగ్లాండులోని ప్లాట్ బ్రదర్స్‌కి లక్ష పౌండ్లకి అమ్మారు. 1933లో ఆ మగ్గాల కంపెనీలోనే కార్ల విభాగం మొదలైంది.

ఇప్పుడు ఎల్ఎఫ్ఏ. ముందు అద్దానికి రెండు పక్కలా నిలబడే స్తంభాలు, పైకప్పు అంచు పట్టీలు, వాటికోసం గుండ్రటి మగ్గం తయారుచేశారు. వీడియోలో నేను చూసింది ఇది. మధ్యలో అచ్చు, చుట్టూ వలయంలో కండెలు. సగం కండెలు ఒకవైపు, సగం రెండోవైపు తిరుగుతూ ఒకదాని పైనుంచి ఒకటి, కిందినుంచి ఒకటి దాటుతాయి. అచ్చు మెల్లగా ముందుకి కదులుతుంటే దాని చుట్టూ కార్బన్ తొడుగు అల్లుకుంటూ పోతుంది. అచ్చు వంపు తిరిగితే తొడుగూ వంపు తిరుగుతుంది. ఎక్కడా కుట్టు లేదు, అతుకు లేదు.

మా మగ్గంలో పడుగు నిలువు, పేక అడ్డం. చీర ఆ రెండు వైపులా గట్టి, ఏటవాలుగా లాగితే సాగుతుంది. ఈ అల్లికలో పోగులు ఏటవాలుగా చుట్టుకుంటాయి. కాబట్టి మెలి తిప్పే బలాన్ని తట్టుకుంటుంది. కారు మలుపులో బాడీని మెలిపెట్టేది ఆ బలమే కదా? అందుకే సన్నటి స్తంభం సరిపోయింది, నడిపేవాడికి అడ్డం తక్కువ. తమ్ముడు చెప్పాడు, నేను బొమ్మ గీసి చూసుకున్నాక నమ్మాను.

పట్టు పోగు లాగితే కొంచెం సాగి ఓర్చుకుంటుంది. కార్బన్ పోగు సాగదు, పదునుగా వంచితే విరుగుతుంది. ఒక్కో పోగు మందం 7 మైక్రాన్లు. విరిగిన ముక్కలు గాలిలో ఎగురుతాయి, కరెంటు పారే పదార్థం కాబట్టి యంత్రంలోకి పోతే షార్టు అవుతుంది. అలాంటి పోగుని ఒకే బిగువులో అన్ని కండెల నుంచీ రప్పించడం ఎంత కష్టమో నాకు తెలుసు. బిగువు తప్పితే పట్టులో కూడా ముడత పడుతుంది.

తప్తపాణి_ఘాట్
అక్కా, ఇంత తెలిసి ఇన్నాళ్ళు ఊరుకున్నారా! ఈ పోస్టు రెండుసార్లు చదివాను.

పర్లాకిమిడి_పిస్టన్
అక్కా, నా సెమినార్ పేరు మారిపోయింది. ఇంజన్ వెనక్కి, మగ్గం ముందుకి.

దామన్‌జోడి_బాక్సైటు
చెల్లెమ్మా, బాగా చెప్పావు. మెలి తిప్పే బలం మాట ఒప్పుకుంటాను. అయినా నా ప్రశ్న నా దగ్గరే ఉంది. 500 కార్లకోసం మగ్గం కనిపెట్టడం ఎందుకు? 2010 డిసెంబరులో మొదలుపెట్టి 2012 డిసెంబరుకి ఆపేశారు. రోజుకి ఒక కారు చొప్పున చేశారు. ఆ మగ్గం తరవాత ఏం నేసింది?

గునుపురం_గేర్‌బాక్స్
మగ్గం సంగతి కంటే ఆ షాపు సంగతి చూడండి. మోటోమాచి ఫ్యాక్టరీలో ఎల్ఎఫ్ఏ కూర్చిన చోటే తరవాత హైడ్రోజన్ కారు మిరాయ్‌ని చేత్తో కూర్చారు. అదే మోటోమాచిలో ఇప్పుడు జీఆర్ యారిస్ తయారవుతుంది, దాని పైకప్పు కార్బన్. లెక్సస్ ఎల్‌సీ కారుకి కూడా కార్బన్ పైకప్పు ఇచ్చారు. కార్బన్ భాగాలు బయట కొనుక్కోకుండా సొంతంగా చెయ్యడం నేర్చుకోవాలన్నదే వాళ్ళ పట్టుదల. బయట కొంటే కారు ఒకటే మిగులుతుంది. సొంతంగా చేస్తే చేసిన మనుషులు మిగులుతారు.

టాటాబెంజ్_జంక్షన్
మనుషులు మిగిలితే మంచిదే. మరి అలాటి వీ10 మళ్ళీ ఒక్కటైనా చేసారా? లేదు కదా. కార్బన్ నేర్చుకోవాలంటే పైకప్పుతో మొదలెట్టొచ్చును, 3,75,000 డాలర్ల కారు అక్కర్లేదు.

సునాబెడ_రిటైర్డ్
జంక్షన్ గారూ, పైకప్పు తప్పుపోతే కప్పు మారుస్తారు. మొత్తం బాడీ తప్పుపోతే మనిషి పోతాడు. కష్టమైన పని నెత్తిన వేసుకుంటేనే కొలవడం, పరీక్షించడం, కాదు అని చెప్పడం నేర్చుకుంటారు. సులువైన పనితో మొదలుపెట్టినవాళ్ళు అక్కడే ఉండిపోవడం నేను చూశాను.

తప్తపాణి_ఘాట్
మనిషి అన్నారు కాబట్టి ఒకాయన పేరు ఈ చర్చలో రావాలి. హిరోము నరుసె. 1963లో టయోటాలో చేరి, ఆ కంపెనీకి పెద్ద టెస్ట్ డ్రైవర్ అయ్యాడు. తరవాత టయోటా అధ్యక్షుడైన అకియో తొయోదాకి డ్రైవింగ్ నేర్పింది ఆయనే. ఎల్ఎఫ్ఏని రేసుల్లో తిప్పి, జర్మనీలో నూర్బర్గ్‌రింగ్ రేసు ట్రాక్ చుట్టూ తిప్పి, ఏది బాగాలేదో చెప్పి మళ్ళీ మార్పించేవాడు. 2010 జూన్ 23న ఆ ట్రాక్ దగ్గర్లోని మామూలు రోడ్డు మీద ఎల్ఎఫ్ఏ నడుపుతూ ఎదురుగా వచ్చిన కారుని ఢీకొని చనిపోయాడు. కారు ఇంకా ఫ్యాక్టరీ నుంచి కొన్నవాళ్ళ చేతికి వెళ్ళనే లేదు. మరుసటి ఏడు ఆగస్టులో అదే ట్రాక్ మీద రేసర్ అకిరా ఈదా ఎల్ఎఫ్ఏలో 7 నిమిషాల 14.64 సెకన్లలో ఒక చుట్టు తిరిగాడు. మీ సెమినార్లో నరుసె పేరు లేకపోతే నేనొప్పుకోను.

పర్లాకిమిడి_పిస్టన్
తప్పకుండా పెడతాను అన్నా.

సిరొంచ_సిన్నోడు
గింత తెలిసినంక గా కారును ఫ్లాప్ అనబుద్ధి అయితలేదు. పెద్దయ్యే దాకా డబ్బులు కూడబెట్టి కొంటా అందామంటే 500ల ఒక్కటి గూడ మనకు మిగలదు.

రాయగడ_రైలు
పెద్దయ్యే దాకా అంటున్నావు, మీ పిల్లాడు పదో క్లాసు కదా?

సిరొంచ_సిన్నోడు
వాని కోసమే అన్నా.

పర్లాకిమిడి_పిస్టన్
ఇప్పటికి ఇలా అనుకుంటున్నాను. ముందు గుండ్రటి మగ్గం, పోగుల కోణం, మెలి బలం. తరవాత టైటానియం రాడ్డు లెక్క. దామన్‌జోడి గారి అల్యూమినియం వాదన ఒక పేజీ నిండా పెడతాను, గైడ్ గారు అడిగేది కచ్చితంగా అదే. పట్టుమగ్గం అక్కా, ఒక సందేహం. స్తంభం ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది కదా. కండెల సంఖ్య మారదు. మరి సన్నగా ఉన్నచోట పోగుల కోణం మారిపోదా?

పట్టుమగ్గం_బరంపురం
మారుతుంది. అచ్చు ఒకే వేగంతో కదిలితే లావుగా ఉన్నచోట పోగులు ఎక్కువ అడ్డంగా పడతాయి, సన్నగా ఉన్నచోట నిలువుకి వస్తాయి. కోణం ఒకేలా ఉండాలంటే సన్నటిచోట అచ్చుని మెల్లగా, లావుచోట తొందరగా కదపాలి. సన్నటిచోట పోగులు దగ్గరపడి తొడుగు మందమవుతుంది, అదీ లెక్కలోకి తీసుకోవాలి. కాగితం మీద అర్థం కాకపోతే బరంపురం రా నాయనా. చీపురుపుల్లల కట్ట చుట్టూ రంగుదారాలతో అల్లి చూపిస్తాను. ఠాకురాణీ జాత్ర ఉన్న నెలలో మాత్రం వద్దు, మా వీధిలో ఎవరికీ తీరిక ఉండదు.

టాటాబెంజ్_జంక్షన్
బరంపురం వొస్తే నా షెడ్డుకి కూడా రా. ఒంటి క్లచ్ ఎలాగ తల ఊపుతాదో బండి మీద చూపిస్తాను. నీ సెమినార్లో గేర్‌బాక్సు పేజీ నేను చెప్పినట్టు రాయాల.

గునుపురం_గేర్‌బాక్స్
ఆ పేజీ నాకు చూపించాకే సారుకి ఇవ్వు.